ఆ గదికి కిటికీ ఉందా?

పార్మా, ఒహైయో
అక్టోబర్ 4, 2015

ప్రియమైన వెరోనా తేతాకి,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. నేను అరిస్తే పక్కింటి కుక్క మాత్రం వెంటనే జవాబిస్తుంది. అందుకే ఉత్తరం. అమ్మమ్మ పోయాక మాకు పెద్ద దిక్కంటూ ఉన్నది ఆవిడ చెల్లెలివైన నువ్వే; అమ్మ నిన్ను తేతా, అంటే పిన్నీ, అని పిలిచి నాకూ అదే అలవాటు చేసింది. పైగా నలభై ఒక్కేళ్లు నర్సుగా చేసినదానివి.

నేను డాక్టర్నవుదామనుకుంటున్నాను. నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, నువ్వు నర్సు పని నేర్చుకున్న ఆ కొండ మీది కాలేజీ. అక్కడ డిగ్రీ, వైద్యం కలిపి ఆరేళ్లు. పదిహేడేళ్లకే వైద్యం సీటు చేతిలో పెట్టేస్తారు. మళ్లీ ప్రవేశపరీక్ష ఉండదు. కానీ మార్కులు తగ్గకూడదు, మధ్యలో ఇంకో కాలేజీ వైపు కన్నెత్తి చూడకూడదు. చూస్తే సీటు పోతుంది. రెండోది పక్క రాష్ట్రంలో ఎనిమిదేళ్లది. అదీ గట్టి సీటే, కాకపోతే మొదటి నాలుగేళ్లు తీరిగ్గా చదువుకోవచ్చు, నా అకార్డియన్ మూలన పెట్టక్కర్లేదు. మూడోది అందరిలాగే మామూలు డిగ్రీ చేసి, పరీక్ష రాసి, దేశమంతా దరఖాస్తులు పెట్టి, దేవుడి మీద భారం వెయ్యడం.

అమ్మ సంగతి నీకు తెలుసుగా. "ఆరేళ్లదే. ఇంటికి గంట దూరం. చేతిదాకా వచ్చిన ముద్ద నోట్లో పెట్టుకోడానికి కమిటీ వేస్తావేంటే?" అంటోంది.

'డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావు' అని వ్యాసం రాయాలి. పదకొండుసార్లు రాశాను. ప్రతిసారీ ఎవరో ఒకరు చచ్చిపోతున్నారు. నువ్వేమంటావు?

నీ తెస్సా

*

కాంప్‌బెల్, ఒహైయో
అక్టోబర్ 12, 2015

తెస్సా పిల్లకి,

పదిహేడేళ్ల పిల్లని పట్టుకుని డాక్టర్ ఎందుకవుతావని అడిగేవాళ్ల బుద్ధికి నమస్కారం. నన్నెవరూ అడగలేదు. మా నాన్న ఉక్కు మిల్లుకి పోతూ దారిలో నన్ను ఆసుపత్రి గుమ్మం దగ్గర దింపాడు, సాయంత్రం తీసుకెళ్లాడు, అంతే నా వ్యాసం.

మీ అమ్మ పాలకోసం పరుగెత్తమంటుంది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మా రోజుల్లో అనేవాళ్లు. అయినా నాకు ఆరేళ్ల మీద కోపం లేదు. తెలియకుండా మాట ఇవ్వడం మీదే కోపం. కాబట్టి వెళ్లి చూడు. బొమ్మల పుస్తకం ఇచ్చి, కొత్త ఫలహారశాల చూపించి పంపించేస్తారు. నువ్వు మాత్రం కింది గది చూపించమని అడుగు. చనిపోయినవాళ్ల మీద శరీరశాస్త్రం నేర్పే గది. అక్కడి ఆసుపత్రిలో నేనెప్పుడూ మూడో అంతస్తు వార్డులోనే ఉన్నాను, కిందికి దిగలేదు. అందుకే ఒకటి తెలుసుకోవాలనుంది. ఆ గదికి కిటికీ ఉందా?

నవ్వకు. వార్డులో ఎవరైనా కన్నుమూస్తే మేము ముందు చేసే పని గడియారం చూడటం, తర్వాతి పని కిటికీ తెరవడం. మంచు కురుస్తున్నా సరే, నాలుగు వేళ్ల సందు. డాక్టర్లు విసుక్కునేవాళ్లు, మేము తెరిచేవాళ్లం. పోయేవాళ్లకి దారి ఉండాలి కదా.

ఇక్కడంతా బాగానే ఉంది. ఆడవాళ్ల చెప్పులు నా పాదాలకి పట్టడం మానేశాయి, మగవాళ్ల బూట్లు కొనుక్కున్నాను. డాక్టరమ్మా, దీనికేమంటావు?

వెరోనా

*

పార్మా
నవంబర్ 15, 2015

తేతా,

మగవాళ్ల బూట్లు ఇప్పుడు ఫ్యాషన్ తేతా, బెంగపడకు!

కొండ మీదికి వెళ్లొచ్చాను. కింది గది అడిగితే అమ్మ నా మోచెయ్యి గిల్లింది. వైద్యంలో రెండో ఏడు చదువుతున్న మెరెడిత్ అనే అమ్మాయి నన్నొక్కదాన్నే తీసుకెళ్లింది. ఇరవై ఉక్కు బల్లలు, ఇరవై తెల్లగుడ్డలు. ఆకుపచ్చ పలకలు పరిచిన నేల మధ్యలోకి వాలుగా ఉంది, నీళ్లు పోవడానికి. ముఖాలు మూసే ఉంటాయి. అసలు పేర్లు ఎవరికీ చెప్పరట, వయసు, చేసిన పని మాత్రమే చెబుతారు. "మేమే పేరు పెట్టుకుంటాం. ఏడాదంతా ఊరికే 'ఆవిడ' అనలేం కదా. మా బల్ల మీదావిడ రోజ్‌మేరీ. మొదటి పాఠం చెప్పింది ఆవిడే" అంది మెరెడిత్. ఒక గుడ్డ కింద నుంచి చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఉంది. గోళ్లకి లేత గులాబీ రంగు. చివరి రోజుల్లో ఎవరో కూర్చుని శ్రద్ధగా వేసినట్టుంది. మెరెడిత్ ఆ చేతిని లోపలికి సర్దింది, నిద్రపోతున్నవాళ్లకి దుప్పటి సర్దినట్టు.

బయటికి వచ్చాక ఆ వాసన నా జుట్టులో మూడు రోజులుంది. అమ్మ క్యాబేజీ నూడుల్స్ చేస్తే తినలేకపోయాను.

ఆ, కిటికీ ఉంది. పెద్దది. నది కనిపిస్తుంది.

నీ తెస్సా

*

కాంప్‌బెల్
డిసెంబర్ 9, 2015

తెస్సా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఏ నది?

నిన్న వంటింటి బల్ల ఖాళీ చేసి దాని మీద పడుకుని చూశాను. కంగారు పడకు, పిచ్చెక్కలేదు. ఎలా ఉంటుందో తెలుసుకుందామని. వీపుకి చల్లగా తగులుతుంది, కాసేపటికి అదీ తెలియదు. పైకప్పులో పగులు ఒకటి ఉందని ఈ ఇంట్లో యాభై ఏళ్లున్నాక తెలిసింది. దిగడానికే కష్టమైంది. చర్చిలో నాతో పిరోహీ కుడుములు చేసే జోఫియా వచ్చి లేపింది. "ఏంటిది, పిండి ముద్దలా బల్ల మీద పడున్నావ్?" అంది. "చదువుకుంటున్నాను" అన్నాను.

లెక్క వేశాను. ఆరేళ్లదైతే నువ్వు ఆ గదిలోకి 2018 ఆగస్టులో దిగుతావు. ఎనిమిదేళ్లదైతే 2020, అదీ వేరే కాలేజీలో. 2018 అయితే కుదరొచ్చు.

ఆ బల్ల మీదావిడకి రోజ్‌మేరీ అని పేరు పెట్టింది ఎవరు? అందరూ కలిసి ఓటు వేస్తారా?

మంచం మీద ఊపిరి సరిగా ఆడటం లేదు, ఈమధ్య మూడు దిళ్లు పెట్టుకుని కుర్చీలోనే పడుకుంటున్నాను. కుర్చీ బాగుంది.

వెరోనా

*

పార్మా
జనవరి 31, 2016

తేతా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 2018లో ఏం కుదురుతుంది? అమ్మకి చూపిస్తే "ముసలితనం, ఒంటరితనం. ఆదివారం నట్ రోల్ రొట్టె చేసి పట్టుకెళ్దాం" అంది. మంచు పడి రాలేకపోయాం, కోపం తెచ్చుకోకు.

ఆ నది పేరు నాకు తెలీదు. చలికాలం కదా, అద్దం మీద మంచు పట్టి ఉంది, సరిగ్గా కనిపించలేదు.

కొండ మీద ఇంటర్వ్యూ అయింది. బల్లకి అటు ముగ్గురు, ఇటు నేను. "నీకు తెలియనిది తెలుసన్నట్టు ఎప్పుడైనా చెప్పావా?" అని అడిగింది ఒకావిడ. చిన్నప్పుడు అకార్డియన్ పోటీలో నోట్స్ రాకపోయినా వచ్చినట్టు వాయించానని చెప్పాను. ముగ్గురూ నవ్వారు. బాగా జరిగిందనే అనుకుంటున్నా.

దారిలో ఒక్కసారి నువ్వు గుర్తొచ్చావు. ఎందుకో తెలీదు.

నీ తెస్సా

*

కాంప్‌బెల్
ఏప్రిల్ 11, 2016

తెస్సా,

రెండు చోట్లా సీటు వచ్చిందని మీ అమ్మ జోఫియాకి ఫోన్ చేసి చెప్పింది, జోఫియా నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. శుభం. మే ఒకటిలోగా ఒకదానికి సంతకం పెట్టాలట కదా. అంతకంటే ముందు నీకు తెలియాల్సినది ఒకటుంది.

నేనూ సంతకం పెట్టాను. నేను పోయాక నా శరీరం ఆ కొండ మీది కాలేజీకి వెళుతుంది, ఆ కింది గదికి. జోఫియా, ఆవిడ వదిన సాక్షులు. ఇద్దరూ పిండి చేతులతోనే వచ్చి సంతకం పెట్టారు, కాగితం మీద మరకలున్నాయి. మీ అమ్మకి ఇప్పుడే చెప్పకు. మీ అమ్మమ్మ సమాధి పక్కన నాకు జాగా ఉంచింది, ఏడుస్తుంది.

చాలాకాలం ఊగిసలాడాను. మట్టికి భయపడను, మంటకి భయపడను, మూసేసిన గదికి భయపడతాను. కిటికీ ఉందని నువ్వు రాశావు. అందుకే పెట్టాను.

చేరేటప్పుడు అక్కడ నీకో కాగితం ఇస్తారు. 'శరీరం ఇచ్చినవాళ్లలో మీకు తెలిసినవాళ్లు ఉన్నారా' అని అడుగుతుంది. నిజం రాయి.

వెరోనా

*

పార్మా
ఏప్రిల్ 18, 2016

తేతా,

వద్దు. దయచేసి రద్దు చెయ్యి. నీ చేతులు నాకు తెలుసు, ఆ కుడి బొటనవేలు మీద జాడీ మూత కోసిన గీత కూడా. గుడ్డ కింద నుంచి ఆ చెయ్యి బయటికి వస్తే నేనేం చెయ్యాలి? ఎవరో నీకు రోజ్‌మేరీ అని పేరు పెడతారు. నువ్వు వెరోనావి.

నేను ఎనిమిదేళ్లదే తీసుకుంటాను. అప్పుడు ఆ గదిలోకి దిగే పనే ఉండదు. అమ్మ అరిస్తే అరవనీ.

ఇంకొకటి. కిటికీ గురించి. అది నేను రాసినంత పెద్దదేం కాదు. చిన్నది. పైన, గోడకి బాగా ఎత్తున ఉంటుంది. నది అంటే, ఎవరైనా నిచ్చెన ఎక్కితే కనిపిస్తుందేమో.

నీ తెస్సా

*

కాంప్‌బెల్
ఏప్రిల్ 23, 2016

తెస్సా,

నాకోసం ఎనిమిదేళ్లది తీసుకోకు. నాకోసం ఆరేళ్లదీ తీసుకోకు. నేను ఎలాగూ నీ కంటే ముందే పోతాను, పోయేవాళ్లని చూసి దారి ఎంచుకోకూడదు.

నీకో సంగతి చెబుతాను. 1963లో మా వార్డులో ఇరవై మూడేళ్ల డాక్టర్ ఉండేవాడు. తెలివంటే తెలివి, ఎక్కడా ఆగకుండా చదివేసినవాడు. మిల్లు నుంచి ఒకాయన్ని తెచ్చారు, దగ్గు, ఆయాసం. ఈ డాక్టర్ కాగితం మీద 'పాదాలు చూశాను, వాపు లేదు' అని రాశాడు. చూడలేదు. దుప్పటి ఎత్తలేదు, ఆ గదిలో నేనున్నాను. అడిగితే అతనికి చిన్నతనమవుతుందని నేను నోరు మూసుకున్నాను. తెల్లారేసరికి ఆయనకి కిటికీ తెరిచాను. అతను వయసు తక్కువవడం వల్ల తప్పు చెయ్యలేదు. 'చూడలేదు' అనే మాట అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే. అది ఆరేళ్లలో రావచ్చు, పన్నెండేళ్లకీ రాకపోవచ్చు.

కాబట్టి ఏళ్లు లెక్కపెట్టకు. ఎక్కడైతే ఆ మాట నీ నోట వస్తుందో అక్కడికి వెళ్లు.

చిన్న కిటికీ అయినా ఫరవాలేదు. నేనేం లావుదాన్ని కాను.

వెరోనా

*

పార్మా
మే 1, 2016

తేతా,

కొండ మీద ఆరేళ్లదానికే సంతకం పెట్టాను. అమ్మ నన్ను ఎత్తి తిప్పింది, నడుం పట్టేసింది. పెట్టింది అమ్మ కోసం కాదు. అక్కడైతే ఆదివారాలు నీ దగ్గరికి రావచ్చు, ఇంకా నీతో మాట్లాడాల్సినవి ఉన్నాయి. భయం కూడా ఉంది. పదిహేడేళ్లకి ఇచ్చిన మాట ఇరవై మూడేళ్లకి సరిపోతుందో లేదో ఎవరికి తెలుసు?

నీకు ఒకటి చెప్పాలని మూడుసార్లు కాగితం తీశాను. వచ్చినప్పుడు చెబుతాను.

నీ తెస్సా

*

కాంప్‌బెల్
ఫిబ్రవరి 20, 2018

తెస్సా,

అక్షరాలు వంకరపోతున్నాయి, చదువుకో ఎలాగో. ఈ రెండేళ్లలో పదకొండు ఆదివారాలు వచ్చావు. పదకొండుసార్లూ చెప్పబోయి నట్ రోల్ తిన్నావు.

కిటికీ ఇప్పుడు ఎంతుంది?

వెరోనా

*

కొండ మీద, విద్యార్థుల వసతి
ఫిబ్రవరి 26, 2018

తేతా,

కిటికీ లేదు. ఎప్పుడూ లేదు.

ఆ రోజు గులాబీ గోళ్లు చూశాక నేను తల ఎత్తలేదు. గోడల వైపు చూడనే లేదు. పరుగెత్తి బయటికి వచ్చి కారు పక్కన కక్కుకున్నాను. నువ్వు అడిగావు కాబట్టి ఉందని రాశాను. నీకు సంతోషంగా ఉంటుందనుకున్నాను. నది కూడా నేనే పెట్టాను. తర్వాత నువ్వు సంతకం పెట్టావు. ఇక్కడ చేరిన మొదటి వారమే మెట్లు దిగి తలుపు అద్దంలోంచి చూశాను. నాలుగు గోడలు, అంతే. అప్పటినుంచి నీ ముందు కూర్చున్న ప్రతిసారీ మాటకి బదులు నట్ రోల్ నోట్లో కుక్కుకున్నాను.

ఆ కాగితం రద్దు చెయ్యి. అమ్మమ్మ పక్కన జాగా అలాగే ఉంది. శనివారం నేనే వచ్చి ఆఫీసుకి ఉత్తరం రాసిపెడతాను. నన్ను తిట్టు. తిట్టకుండా మాత్రం ఉండకు.

నీ తెస్సా

*

కాంప్‌బెల్
మే 9, 2016

తెస్సాకి, ఆ గదిలో అడుగు పెట్టే రోజున

ఈ ఉత్తరం కవర్లో పెట్టి, అంటించి, నా కాగితాలతో పాటు ఆఫీసులో ఇస్తున్నాను. ఆ ఫారంలో 'తెలిసినవాళ్లు ఉన్నారు' అని నువ్వు రాస్తే నీకిమ్మన్నాను. 'లేరు' అని రాస్తే చదవకుండా చింపేయమన్నాను. కాబట్టి నువ్విది చదువుతున్నావంటే నాకు సంతోషం.

నేను నీకు అబద్ధం చెప్పాను. కిందికి ఎప్పుడూ దిగలేదన్నాను. 1957లో నర్సు పని నేర్చుకుంటూ ఏడాదిపాటు ఆ గదిలో నేల కడిగాను. ఆకుపచ్చ పలకలు, మధ్యలోకి వాలు. నాలుగు గోడలు, ఒక తలుపు. కిటికీ లేదు. నేల కింద గదికి కిటికీ ఎవరు పెడతారు పిల్లా?

నువ్వేం రాస్తావో చూద్దామని అడిగాను. 'చూడలేదు తేతా' అంటావనుకున్నాను. నది కూడా ఇచ్చావు. తర్వాత దాన్ని ఉత్తరం ఉత్తరానికీ చిన్నది చేస్తూ వచ్చావు, పాపం, నవ్వొచ్చింది. నీ కిటికీ కోసం నేను సంతకం పెట్టలేదు. సంతకం 2009లోనే పెట్టాను, మొన్న పెట్టింది దాని నకలు మీద. ఇది రెండో అబద్ధం. కాబట్టి నేనక్కడ ఉండటం నీ తప్పు కాదు.

నా బూట్ల గురించి రాశాను, మూడు దిళ్ల గురించి రాశాను. నీకు అర్థం కాలేదు. అదీ తప్పు కాదు, నీకప్పుడు పదిహేడు. ఇప్పుడు ఆ రెండూ మళ్లీ చదువు. అర్థమవుతుంది.

ఒక మాట చెప్పాలి. లేదని తెలిసినా నీ కిటికీ నాకు పనికొచ్చింది. మధ్యాహ్నాలు కుర్చీలో కూర్చుని దాన్నే చూస్తున్నాను. నది బాగుంది. అందుకే నీ మీద కోపం రాలేదు, భయం వేసింది. ఇంత బాగా అబద్ధం చెప్పగలిగే డాక్టర్ని జనం నమ్మేస్తారు.

నేను ఏ బల్ల మీద ఉన్నానో అడగకు. ఎవరు ఏ పేరు పెట్టినా పలుకుతాను. తలుపు తెరువు. నాలుగు వేళ్ల సందు చాలు.

వెరోనా

*

కొండ మీద
ఆగస్టు 20, 2018

తేతా,

ఇది ఏ చిరునామాకి వేయాలో తెలియడం లేదు. ఫిబ్రవరిలో రాసింది విప్పకుండానే తిరిగి వచ్చింది. ఆ శనివారం నేను వచ్చేసరికి గురువారం నుంచి నువ్వు లేవు. జోఫియా వాకిట్లో నిలబడి "నేనే తెరిచానమ్మా, వంటింటి కిటికీ" అంది. ఆ తిరిగొచ్చిన కవరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఈరోజు ఉదయం ఫారంలో 'ఉన్నారు' అని రాసి నీ పేరు పెట్టాను. శరీరదానాల ఆఫీసులో ట్రంబుల్ అనే ఆవిడ అది చదివి, అలమర తెరిచి, నీ కవరు బల్ల మీద పెట్టింది. "రెండేళ్లుగా దాచాను. నువ్వు 'లేరు' అని రాస్తావేమోనని ప్రతిరోజూ భయపడ్డాను" అంది. తర్వాత "ఆవిడ నీ బల్ల మీద లేరు. అంతకంటే చెప్పలేను" అంది. నేనూ ఏ బల్ల అని అడగలేదు.

మెట్ల మీద కూర్చుని చదివాను. కాళ్లు వాచడం, పడుకుంటే ఊపిరాడకపోవడం. గుండె. మొదటి ఏడు పిల్లలకి కూడా తెలిసే లక్షణాలు. నేను నీకు ఫ్యాషన్ అని రాశాను. క్షమించమని అడగను, నువ్వు అప్పుడే క్షమించేశావు. అదే ఎక్కువ బాధగా ఉంది.

ఈ గదికి పాత బూట్లు వేసుకురమ్మంటారు, వాసన పట్టేస్తుంది కాబట్టి ఏడాది చివర పారేయాలి. నేను నీ మగబూట్లు వేసుకున్నాను. ఒక సైజు పెద్దవి, రెండు మేజోళ్లు తొడిగితే సరిపోయాయి. మా బల్ల మీద పోస్టుమ్యాన్‌గా చేసిన తొంభై ఏళ్ల తాతగారు ఉన్నారు. మిగిలిన పంతొమ్మిదిలో నువ్వున్నావు. అందరూ చేతితొడుగులు వేసుకుంటుంటే నేను వెళ్లి తలుపు తెరిచి, మూసుకుపోకుండా ఒక బూటు విప్పి సందులో పెట్టాను. నాలుగు వేళ్లు.

"తలుపు ఎవరు తీశారు? చల్లదనం పోతుంది" అన్నారు మాస్టారు.

"నేనే సర్. రెండు నిమిషాలు" అన్నాను. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో నిలబడ్డ నన్ను చూసి ఏమనుకున్నారో.

మెట్ల మీద నుంచి గాలి దిగింది. ఇరవై గుడ్డలూ అంచుల దగ్గర ఒక్కసారి లేచాయి. పంతొమ్మిది వెంటనే పడ్డాయి. చివరి వరసలో ఒకటి మాత్రం అలాగే కాసేపు లేచి ఉండి, తర్వాత మెల్లగా దిగింది. పక్కనున్న అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది కాబట్టి చూసింది నేనొక్కదాన్నే కాదు. గాలే కావచ్చు. ఆ బల్ల నంబరు నేను చూడలేదు. చూడలేదు కాబట్టి చూడలేదనే రాస్తున్నాను.

రెండు నిమిషాలయ్యాక బూటు తీయడానికి వెళ్లి బయటికి తొంగి చూశాను. పద్నాలుగు మెట్లు. మెట్ల పైన కార్లు నిలిపే చోటు, ఒక చెత్తడబ్బా, దాని మీద ఎండ.

నది లేదు, తేతా.

నీ తెస్సా